మెట్లెక్కితే ఆయాసమా? రిపోర్ట్‌లో హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి ఊరుకోవద్దు

సమస్య: మొన్నటిదాకా అలిపిరి నుంచి గాలిగోపురం వరకు ఆగకుండా ఎక్కేవారు. ఇప్పుడు సగంలోనే కాళ్లు బరువెక్కుతున్నాయి, గుండె దడదడలాడుతోంది. ల్యాబ్‌లో హిమోగ్లోబిన్ 13.4 వచ్చింది, నార్మల్ అన్నారు.

కారణం: హిమోగ్లోబిన్ కుండలో అన్నమైతే, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే పరీక్ష) గాదెలో ధాన్యం. గాదె అడుగంటాక గానీ కుండలో తగ్గదు. ఫెరిటిన్ 30 కంటే తక్కువ ఉంటే ఐరన్ నిల్వలు తరిగాయని చాలామంది డాక్టర్లు లెక్కవేస్తారు. నెలసరిలో రక్తం ఎక్కువగా పోయే అమ్మాయిల్లో, మాంసం ముట్టని వాళ్లలో ఇది మామూలే. పరుగులో పాదం నేలను కొట్టినప్పుడు కూడా కొన్ని ఎర్రకణాలు చితికిపోతాయి.

పరిష్కారం: సీబీసీ (రక్తకణాల లెక్క)తో పాటు ఫెరిటిన్ కూడా రాయమని డాక్టర్‌ని అడగండి. జ్వరం, వాపు ఉన్నప్పుడు అది లేనిపోని ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి తగ్గాక చేయించండి. ఐరన్ మాత్ర రాస్తే నిమ్మరసంతో వేసుకోండి, టీ, కాఫీ దానికి గంటా రెండు గంటలు ఎడంగా తాగండి. రాగిసంగటి తింటే రక్తం పడుతుందని మా ఇళ్లలో గట్టి నమ్మకం. నాకూ సంగటి ఇష్టమే గానీ, రాగిలో ఘనంగా ఉండేది కాల్షియం. పరీక్ష లేకుండా మాత్రలు మాత్రం మింగొద్దు, ఐరన్ ఎక్కువైతే కాలేయానికి చేటు. నిల్వలు నిండడానికి నెలలు పడుతుంది.

సమస్య: ఎస్‌జీఓటీ (కాలేయ పరీక్షల్లో చూసే ఎంజైమ్), సీపీకే (కండరాల ఎంజైమ్) చుక్కలనంటాయి.

కారణం: ఒక ఆదివారం శ్రీవారిమెట్టు ఎక్కి దిగి, సోమవారం పొద్దున్నే రక్తం ఇచ్చాను. రిపోర్ట్ చూసి ఒకాయన "మందు అలవాటుందా?" అని అడిగాడు. వారమంతా టెన్షన్! ఎస్‌జీఓటీ కాలేయంలోనే కాదు, కండరాల్లోనూ ఉంటుంది. మెట్లు దిగేటప్పుడు తొడ కండరాలు బాగా దెబ్బతింటాయి, అందులోంచి రెండూ రక్తంలోకి వస్తాయి.

పరిష్కారం: వారం పాటు గట్టి వ్యాయామం మానేసి మళ్లీ చేయించండి. నాకు మామూలుకొచ్చేసింది. రాకపోతే డాక్టర్‌కి చూపించాల్సిందే. ఒళ్లునొప్పులతో పాటు మూత్రం కోలా రంగులో వస్తే మాత్రం వారం ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

సమస్య: ట్రైనింగ్ మొదలుపెట్టాక హిమోగ్లోబిన్ కొంచెం పడిపోయింది.

ఫెరిటిన్ బాగుంటే చాలావరకు కంగారు లేదు. వ్యాయామంతో రక్తంలో నీటిభాగం పెరిగి, ఉన్న కణాలే పలచబడతాయి.

సమస్య: ఎముకల నొప్పి, ఎంత నిద్రపోయినా తీరని అలసట.

విటమిన్ డి, బీ12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) చూపించండి. తెల్లారకముందే పరిగెత్తి, పగలంతా ఆఫీసులో కూర్చుంటే తిరుపతి ఎండ కూడా ఒంటికి తగలదు. శాకాహారులకు బీ12 తప్పనిసరి.

రెండు రిపోర్టులు పోల్చాలంటే ఒకే ల్యాబ్‌లో, పొద్దున ఒకే వేళకు ఇవ్వండి. మే నెలలో నీళ్లు సరిగా తాగకుండా వెళ్తే రక్తం చిక్కబడి, హిమోగ్లోబిన్ ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది.