మూడో పాఠం: ఆపరేషన్ తర్వాత భుజాలు సమంగా ఉన్నాయా?

పోయిన పాఠంలో స్కోలియోసిస్‌కు, అంటే వెన్ను పక్కకు వంగడానికి, ఆ వంపును డిగ్రీల్లో కొలిచే కాబ్ కోణం గీశాం కదా, ఆ స్కేలూ పెన్సిలూ ఇంకా లోపల పెట్టకండి. ఈసారి ఆ వంపు సరిచేసే ఆపరేషన్ అయ్యాక తీసిన ఎక్స్‌రే ఫిల్మ్ మీద భుజాలు కొలుద్దాం.

ముందు ఫిల్మ్ సరిగ్గా పెట్టుకోండి. ఛాతీ ఎక్స్‌రేలో పేషెంట్ మనకు ఎదురుగా నిలబడినట్టు చూస్తాం, కానీ స్కోలియోసిస్ ఫిల్మ్‌ను వెనక నుంచి చూస్తున్నట్టు పెడతారు, అంటే మన ఎడమవైపు కనిపించేది పేషెంట్ ఎడమ భుజమే. ఫిల్మ్ మీద కుడి ఎడమల గుర్తు చూడకుండా మొదలుపెడితే కథంతా తలకిందులవుతుంది.

కాలర్ బోన్ చివర భుజం ఎముకను కలిసే కీలు వెతకండి. దానికి సరిగ్గా పైన చర్మం నీడ అంచు దగ్గర, రెండు వైపులా, అడ్డంగా గీత గీయండి. ఆ రెండు గీతల మధ్య నిలువు దూరమే మనకు కావాలి. 1 సెం.మీ. లోపైతే సమం అంటారు, 2 వరకు కొద్ది తేడా, 3 దాటితే బాగా తేడా ఉన్నట్టే.

ఆపరేషన్‌తో వెన్ను నిటారైంది కదా, మరి కొందరికి ఎడమ భుజం ఎందుకు లేస్తుంది? ఇది నిదానంగా అర్థం చేసుకోండి. టీనేజ్ పిల్లల్లో ఛాతీ దగ్గర పెద్ద వంపు ఎక్కువగా కుడికి ఉంటుంది, కుడి భుజం పైకి ఉంటుంది. దాన్ని బాగా సరిచేసి, పైన ఎడమకు ఉన్న చిన్న వంపు బిగుసుకుపోయి ఉన్నా వదిలేస్తే ఎడమ భుజం లేస్తుంది. అందుకే పక్కకు వంచి తీసిన ఫిల్మ్‌లో కూడా ఆ పై వంపు 25 డిగ్రీలో, అంతకన్నా ఎక్కువో మిగిలితే వంపులను రకాలుగా విడదీసే 2001 నాటి లెంకే పద్ధతి దాన్ని అసలు వంపుల్లోనే లెక్కేస్తుంది. ఆపరేషన్‌కు ముందే ఎడమ భుజం పైకి ఉంటే మరీ జాగ్రత్త.

ఇక సంతృప్తి. స్కోలియోసిస్ పేషెంట్లు నింపే ఎస్‌ఆర్‌ఎస్-22 అనే ప్రశ్నల పత్రంలో ప్రశ్నలు 22, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. చివరి రెండూ చికిత్స మీద తృప్తి గురించే. మీరు కొలిచిన సెంటీమీటర్లకూ ఈ మార్కులకూ చాలాసార్లు పొత్తు కుదరదు. 2 సెం.మీ. తేడా ఉన్న పిల్ల హాయిగా ఉండొచ్చు, అర సెంటీమీటర్ తేడాకే ఇంకో పిల్ల చున్నీ సర్దుకుంటూ అద్దం ముందే నిలబడిపోవచ్చు. కాబట్టి ఫిల్మ్ చూపించకముందే అడగండి, అమ్మను కాదు, పిల్లనే అడగండి. మొదటి వారాల కొలత చూసి కంగారుపెట్టకండి, నెలలు గడిచేకొద్దీ భుజాల ఎత్తు మారుతుంది.

ఈ వారం అభ్యాసం: ఇంట్లో ముగ్గురిని అడిగి, ఒప్పుకుంటే వెనక నుంచి ఫోటో తీసి భుజాలు కొలవండి. వెన్ను బాగున్నవాళ్లలోనూ ఎంత తేడా ఉందో రాసిపెట్టుకోండి, వచ్చే పాఠంలో ఆ కాగితం కావాలి.