పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి మారే ముందు

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కదా, చాలామంది ఇప్పుడు ఈ పనిలోనే ఉన్నారు. మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి.

- ఫొటోలు, పత్రాలు, అకౌంట్ల డేటా పాతదీ కొత్తదీ కాని మూడో డిస్క్‌లోకి కాపీ చేయండి. అక్కడ నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. కాపీ పూర్తయింది అన్నంత మాత్రాన తెరుచుకుంటాయని కాదు.

- బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకి తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. అదే కంప్యూటర్లో దాచడమంటే తాళంచెవి బీరువాలో పెట్టి బీరువాకి తాళం వేసినట్టే.

- సీ డ్రైవ్ ఒక్కటే క్లోన్ చేస్తే (అంటే ఉన్నదున్నట్టు కొత్త డిస్క్ మీదికి దింపితే) కొత్త డిస్క్ బూట్ కాదు. పక్కనున్న చిన్న ఈఎఫ్ఐ పార్టిషన్ (విండోస్‌ని స్టార్ట్ చేసే ఫైళ్లుండే భాగం) కూడా రావాలి. పాత డిస్క్ ఎంబీఆర్ (డిస్క్‌ని భాగాలుగా విడదీసే పాత పద్ధతి) అయితే, యూఈఎఫ్ఐతో (కంప్యూటర్‌ని స్టార్ట్ చేసే కొత్త తరహా సాఫ్ట్‌వేర్) మాత్రమే నడిచే కొత్త మెషీన్‌కి జీపీటీ (భాగాలు చేసే కొత్త పద్ధతి) కావాలి. ఆ మార్పు క్లోన్ మీదే చేయండి, పాత డిస్క్ జోలికి పోవద్దు.

- ఏది పాత డిస్క్, ఏది కొత్తది? పేరు చూసి కాదు, సైజు, మోడల్ నంబర్ చూసి తేల్చుకోండి. నేనొకసారి ఖాళీ డిస్క్‌ని డేటా డిస్క్ మీదికి క్లోన్ చేశాను. ఆ రాత్రి టెన్షన్ ఇంకా గుర్తుంది.

- మధ్యలో కరెంటు పోతే ఆగిపోకుండా ల్యాప్‌టాప్‌కి చార్జర్, డెస్క్‌టాప్‌కి యూపీఎస్ పెట్టి ఉంచండి.

- పాత డిస్క్‌ని కనీసం నెల రోజులు ఫార్మాట్ చేయకండి.