ఐసీయూలో రాత్రి కూడా ఇంటెన్సివిస్ట్: డ్యూటీ పట్టిక వేసే పద్ధతి

పన్నెండు పడకల ఐసీయూ అనుకోండి. పేర్లు రాసే ముందు గంటలు లెక్క వేయండి. ఏడాదికి 8,760 గంటలు. రోజుకు రెండు హ్యాండోవర్లు (డ్యూటీ దిగే డాక్టరు, ఎక్కే డాక్టరుకు పేషెంట్ల వివరాలు అప్పగించడం), ఒక్కోదానికి అరగంట కలిపితే 9,125. ఒక ఇంటెన్సివిస్ట్ (ఐసీయూ చికిత్సలో ప్రత్యేక శిక్షణ పొందిన డాక్టరు) వారానికి 48 గంటల చొప్పున, సెలవులు, అనారోగ్యం పోను 44 వారాలు పనిచేస్తే 2,112 గంటలు. భాగిస్తే 4.3. అంటే ఐదుగురు కావాలి. ముగ్గురితో నడిపితే ఒక్కొక్కరికి వారానికి 69 గంటలు పడతాయి. అలసిన మనిషి తెల్లవారుజామున మందు డోసు తప్పుతాడు. అందులో ఒకరు మానేస్తే పట్టిక మొత్తం కూలిపోతుంది.

షిఫ్టులు ఉదయం 8 నుంచి రాత్రి 8:30, రాత్రి 8 నుంచి ఉదయం 8:30. వరుసగా మూడు రాత్రులు మించకూడదు, తర్వాత రెండు రోజులు పూర్తి విశ్రాంతి. రాత్రి డాక్టరుకు క్యాజువాలిటీ, వార్డుల కోడ్ బ్లూ (గుండె ఆగినప్పుడు వచ్చే అత్యవసర పిలుపు) అప్పగించకండి. ఎక్కువ చోట్ల ఏర్పాటు దెబ్బతినేది ఇక్కడే: పట్టికలో పేరు ఐసీయూది, మనిషి కింది అంతస్తులో.

ఐదుగురు దొరకని పట్టణాల్లో ఏం చేయాలి? ఆదివారంతో సహా ఏడు పగళ్లూ ఇంటెన్సివిస్ట్ ఉండేలా చూడండి. రాత్రికి గొంతులో ట్యూబు వేయగల డ్యూటీ డాక్టరును పెట్టి, ఇంటెన్సివిస్ట్ ఐదు నిమిషాల్లో ఫోన్ ఎత్తేలా, అరగంటలో చేరేలా రాతపూర్వకంగా ఒప్పుకోండి. ఫిలడెల్ఫియాలోని ఒక యూనివర్సిటీ ఆసుపత్రి ఐసీయూలో జరిగిన అధ్యయనం 2013లో వెలువడింది. రాత్రి ఇంటెన్సివిస్ట్ అక్కడే ఉన్నా మరణాలు తగ్గలేదు, ఐసీయూలో ఉండే రోజులూ తగ్గలేదు. అయితే అక్కడ ఇంటెన్సివిస్ట్ లేని రాత్రుల్లోనూ రెసిడెంట్ డాక్టర్లు పడకల దగ్గరే ఉన్నారు, పగటి ఇంటెన్సివిస్ట్ ఫోన్‌లో అందుబాటులో ఉన్నారు. ఆ రెండూ లేని చోట ఈ ఫలితాన్ని చూపి ఖర్చు తగ్గించుకోవడం సరికాదు.

ఎప్పుడు ఫోన్ చేయాలో ప్రతి పడక దగ్గరా అంటించండి:
– సెలైన్ ఎక్కించినా సగటు బీపీ 65 దాటకపోతే
– నోరడ్రినలిన్ (బీపీ పెంచే మందు) డోసు గంటలో రెట్టింపైతే
– ఆక్సిజన్ 60 శాతం పైన పెట్టాల్సి వస్తే
– మూత్రం రెండు గంటలపాటు కిలోకు గంటకు అర మిల్లీలీటరు కంటే తగ్గితే
– కోమా స్కేల్ (స్పృహను కొలిచే స్కోరు) రెండు పాయింట్లు పడిపోతే
– ట్యూబు వేయాలనుకున్నప్పుడు, వేసే ముందే

స్టాఫ్ నర్సు డ్యూటీ డాక్టరును అడగకుండానే నేరుగా ఫోన్ చేయవచ్చని సూపరింటెండెంట్ సంతకంతో రాసి ఉంచండి. అర్ధరాత్రి పిలిచినందుకు మర్నాడు ఒక్కసారి కసిరితే ఆమె మళ్లీ పిలవదు.

హ్యాండోవర్ గదిలో కాదు, పడక పక్కనే జరగాలి. వెంటిలేటర్ సెట్టింగులు, నడుస్తున్న డ్రిప్పులు, రావాల్సిన రిపోర్టులు చెప్పాక, "ఈ రాత్రి ఈయనకు ఏం జరగొచ్చు, జరిగితే ఏం చేయాలి" అనేది ఒక్క వాక్యంలో చార్టులో రాయాలి. వేర్వేరు కన్సల్టెంట్లు ఎవరి పేషెంటుకు వాళ్లు ఆర్డర్లు మార్చే ఐసీయూల్లో ఇది మరీ ముఖ్యం. రాత్రికి చివరి మాట ఎవరిదో ముందే తేల్చండి.

పిలిచిన సమయం, వచ్చిన సమయం రిజిస్టర్‌లో ఎక్కించండి. నెలకోసారి చార్టులతో పోల్చండి. నోరడ్రినలిన్ రెట్టింపైన రాత్రి ఫోన్ నమోదు కాకపోతే, ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సునే ముందు అడగండి, నింద మోపకుండా.