యూవీ టార్చి: 365 కొనాలా, 395 కొనాలా?

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు యూవీ (అతినీలలోహిత) టార్చి అవసరం ముందుగా పడేది తేళ్ల దగ్గరే. పెంకుటింటి గోడ పగుళ్లు, కట్టెల మోపు, పిడకల గూడు, రాళ్లు పేర్చిన పొలం గట్టు, ఇవన్నీ తేలుకు ఇష్టమైన చోట్లు. మామూలు లైటులో మట్టిరంగులో కలిసిపోయే తేలు యూవీ కింద ఆకుపచ్చా నీలమూ కలిసిన రంగులో మెరుస్తూ దొరికిపోతుంది. అదే టార్చి సంతలో నోటు చూడటానికి, గోదాములో ఎలుకల జాడ పట్టడానికి, కారు ఏసీ లీకు వెతకడానికీ పనికొస్తుంది. కానీ ఏ టార్చి అయినా అన్ని పనులూ చేసిపెట్టదు. ఎన్ని ఎల్‌ఈడీలు, ఎన్ని వాట్లు అని చూసి కొంటే పొరపాటు పడతారు. ముందు చూడాల్సిన అంకె నానోమీటర్లది, అంటే వెలుగు అల పొడవుది.

మన కంటికి వెలుగు సుమారు 400 నానోమీటర్ల దగ్గర కనిపించడం మొదలవుతుంది. 315 నుంచి 400 దాకా ఉండేది యూవీ-ఏ. బజారులో దొరికే టార్చీలు దాదాపు అన్నీ ఇందులోవే, అవి 395వో 365వో అయ్యుంటాయి. తేలు గానీ నోటులోని పోగు గానీ యూవీని పీల్చుకుని, దాన్ని కంటికి ఆనే రంగుగా తిరిగి వదులుతుంది. ఆ తిరిగొచ్చే వెలుగు చాలా మసకగా ఉంటుంది. 395 టార్చి సరిగ్గా అంచున ఉంటుంది కాబట్టి యూవీతో పాటు ఊదా వెలుగు బాగా చిమ్ముతుంది, ఆ ఊదాలో ఈ సన్నని మెరుపు మునిగిపోతుంది. 365లో ఆ గొడవ తక్కువ.

తక్కువే గాని పూర్తిగా పోదు. 365 ఎల్‌ఈడీ కూడా కొంచెం తెల్లటి వెలుగు వదులుతుంది. దాన్ని ఆపడానికి టార్చి మూతికి నల్లటి గాజు బిగిస్తారు. అమ్మేవాళ్లు దాన్ని జెడ్‌డబ్ల్యూబీ2 ఫిల్టర్ అని రాస్తారు. చూడటానికి నల్లగా, అద్దంలా ఉంటుంది, యూవీ మాత్రం దాటుతుంది. వెతికే పని ఏదైనా సరే, ఈ నల్ల గాజు ఉన్న 365నే తీసుకోండి. ధర వెయ్యి దాటినా ఆ తేడా ఈ గాజులోనే ఉంది. ముందు మామూలు ప్లాస్టిక్ లెన్సు ఉన్నది వద్దు, చాలా ప్లాస్టిక్‌లు 365ని మింగేస్తాయి. ఇంట్లో తేళ్లు చూసుకోవడం ఒక్కటే పనైతే, డబ్బు సర్దుబాటు కాకపోతే, వందల్లో దొరికే 51 ఎల్‌ఈడీల 395 కూడా నాలుగైదు అడుగుల దూరంలో పని చేస్తుంది. తేలు మెరుపు అంత గట్టిది.

పెట్టె మీద 365 అని రాసి లోపల 395 పెట్టి అమ్మడం మామూలే. అందుకని టార్చి చేతికి రాగానే చీకటి గదిలో ఒక స్టీలు కంచం మీద వేసి చూడండి. కంచం మీద నిండు ఊదా చుక్క పడితే అది 395. మసక తెలుపో బూడిదరంగో పడితే ఫిల్టర్ లేని 365. దాదాపు ఏమీ కనబడకుండా, పక్కనే పెట్టిన తెల్ల ఎ4 కాగితం మాత్రం భగ్గున నీలంగా మెరిస్తే ఫిల్టర్ ఉన్న 365. కాగితం ఒక్కటే పెట్టి పరీక్ష చేయకండి. తెల్లదనం కోసం కలిపిన రసాయనం వల్ల కాగితం దేనికైనా మెరుస్తుంది, దాంతో ఏమీ తేలదు.

తేళ్లు వెతికేటప్పుడు

మంచి సమయం పొద్దుపోయాక గంటా రెండు గంటలకు, వెన్నెల లేని రాత్రి. వెన్నెల్లో పని చేస్తుంది గాని మెరుపు వెలవెలబోతుంది. వేసవి రాత్రులు, తొలకరి పడ్డ తర్వాతి రోజులు తేళ్లు బాగా తిరిగే కాలం. ఇంటి లైట్లన్నీ ఆపి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఐదు నిమిషాలు ఆగండి. గోడ అడుగు నుంచి మొదలుపెట్టి గుమ్మాల సందులు, స్నానాల దొడ్డి, తూము, కట్టెల మోపు, బయట విడిచిన చెప్పులు, ఇలా వరుసగా చూసుకుంటూ రండి. టార్చిని నేలకు ఏటవాలుగా, మెల్లగా తిప్పాలి. గబగబా తిప్పితే పగులులో ఉన్న తోక కొస కంటికి ఆనదు.

మెరిసేదంతా తేలు కాదు. సర్ఫు నీళ్లు ఒలికిన మరక, తెల్ల దారం, బస్తా కుట్టు, ప్లాస్టిక్ ముక్క కూడా మెరుస్తాయి, అయితే వాటిది ఎక్కువగా నీలిరంగు. ఒకట్రెండు సార్లు చూస్తే తేడా తెలిసిపోతుంది. చచ్చిన తేలు, తేలు వదిలిన కుబుసం కూడా మెరుస్తాయి. తిరకాసు ఇంకో చోట ఉంది: అప్పుడే కుబుసం విడిచిన తేలు పైపొర గట్టిపడేదాకా సరిగా మెరవదు. కాబట్టి ఏమీ కనబడలేదని కట్టెల మోపులో ఉత్త చేయి పెట్టకూడదు.

అంతకన్నా పెద్ద ప్రమాదం పాము. కట్లపాము, రక్తపింజరి యూవీలో తేలులా మెరవవు. పైగా యూవీ టార్చి పట్టుకున్నప్పుడు చుట్టూ చీకటే, కాలి ముందు ఏముందో తెలియదు. ఒక చేతిలో యూవీ ఉంటే రెండో చేతిలో మామూలు తెల్ల టార్చి తప్పనిసరిగా ఉండాలి. నాలుగడుగులు తెల్ల వెలుగులో వేసి, ఆగి, అప్పుడు యూవీ వేయండి. మడమలు దాటే బూట్లు వేసుకోండి. తేలును తీయడానికి అడుగు పొడవు తగ్గని పట్టకారు, మూత ఉన్న డబ్బా వాడండి.

నల్లగా పెద్దగా ఉండే మండ్రగబ్బను చూసి అందరూ జడుస్తారు గాని, చిన్నగా ఉండే ఎర్రతేలే ఎక్కువ ప్రమాదం. అది కుట్టాక ఒళ్లంతా చెమటలు, వాంతులు, కాళ్లూ చేతులూ చల్లబడటం కనిపిస్తే విషం గుండె మీదికి పోతోందని అర్థం. పిల్లల్లో ఇది త్వరగా ముదురుతుంది. మంత్రం, పసరు అంటూ ఆగకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ ఎర్రతేలు విషానికి ప్రాజోసిన్ మందు వాడి ఫలితం చూపించారు, ఇప్పుడు వైద్యంలో అది వాడుకలో ఉంది. ఆ మందు ఇంట్లో మింగేది కాదు, బీపీ చూస్తూ డాక్టరు ఇచ్చేది.

ధాన్యం, మొక్కజొన్న

గోదాములో ఎలుక మూత్రం ఆరిన చోట యూవీకి నీలం కలిసిన తెలుపులో మెరుస్తుంది, పాతబడితే పసుపు తిరుగుతుంది. గోడ వెంబడి చుక్కలు చుక్కలుగా దారి కట్టి ఉంటే అదే ఎలుక తిరిగే బాట, బోను అక్కడ పెట్టాలి. ఇందులో ఒక చిక్కుంది. గోనె నేసేటప్పుడు నారకు పట్టించే నూనె కూడా మెరుస్తుంది. బస్తా అంతటా ఒకే తీరు మెరుపు ఉంటే నూనె, విడివిడి చుక్కలూ చారలూ ఉంటే మూత్రం అనుకోవచ్చు. దగ్గర్లో పెంటికలు, వెంట్రుకలు కూడా కనబడితేనే ఖాయం చేసుకోండి.

నవరంగ్‌పూర్ వైపు నుంచి మొక్కజొన్న కొనే వ్యాపారులకు, కోళ్ల దాణా కలుపుకునేవాళ్లకు 365 టార్చి బాగా అక్కరకొస్తుంది. అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేసే బూజు పట్టిన గింజ ముక్క, యూవీ కింద మిణుగురు పురుగు రంగులో, పచ్చగా పసుపుగా మెరుస్తుంది. గింజ నిండుగా ఉంటే లోపలి మెరుపు బయటికి కనబడదు, అందుకే నలగ్గొట్టాలి. లోడులో ఐదారు చోట్ల నుంచి, పైనా అడుగునా తీసి, మొత్తం రెండు మూడు కిలోలు కలిపి, మిల్లులో బరక రవ్వలా ఆడించండి. మూతికి మాస్కు కట్టుకోండి, బూజు దుమ్ము ఊపిరితిత్తులకు చెడ్డది. చీకటి గదిలో నల్ల గుడ్డ మీద పలుచగా పరిచి చూడండి. మంచి గింజ కూడా మసక నీలంగా కొంచెం మెరుస్తుంది, అది లెక్కలోకి రాదు. మిణుగురు రంగు ముక్కలు కనిపిస్తే ఆ సరుకును పక్కన పెట్టి ల్యాబుకు పంపాలి. మన దేశంలో ధాన్యాలకు పరిమితి కిలోకు 15 మైక్రోగ్రాములు, అంత చిన్న మోతాదును ఏ టార్చీ కొలవలేదు. నిల్వలో ఈ మెరుపు వెలిసిపోతుంది కూడా. మెరుపు లేదు కాబట్టి సరుకు మంచిదని ఎవరికీ మాట ఇవ్వకండి.

నోట్లు, మిగతా పనులు

అసలు నోటు పత్తితో చేసిన కాగితం, యూవీలో మొద్దుగా, నల్లబడినట్టు ఉంటుంది. నంబరు మెరుస్తుంది, కాగితంలో అక్కడక్కడా సన్నని పోగులు మెరుస్తాయి. నోటు అంతా తెల్ల కాగితంలా నీలంగా వెలిగితే అనుమానించండి. కానీ జేబులో ఉండిపోయి సర్ఫులో ఉతికిన అసలు నోటు కూడా అలాగే వెలుగుతుంది, నోటు ఇచ్చిన మనిషిని దొంగలా చూడకండి. వాటర్‌మార్క్, వంచితే రంగు మారే దారం, వేలికి తగిలే గరుకు అచ్చు కూడా చూశాకే తేల్చండి.

కెంపులు కొనేవాళ్లు కలహండి రాళ్లను ఈ టార్చితో చూస్తుంటారు. కెంపు యూవీలో ఎర్రగా మెరుస్తుంది, గార్నెట్ నల్లగానే ఉండిపోతుంది. రాతిలో ఇనుము ఎక్కువైతే అసలు కెంపు మెరుపు కూడా తగ్గుతుంది. ఫ్యాక్టరీలో చేసిన కెంపు అంతకన్నా బాగా మెరుస్తుంది. కాబట్టి మెరుపు చూసి అసలు రాయి అనుకుని డబ్బు కట్టకూడదు.

కారు ఏసీ లీకుకూ, అద్దం పగులు పూడ్చే రెసిన్‌కూ మాత్రం 395 చాలు. ఏసీలో యూవీకి మెరిసే రంగు ఎక్కించాక పావుగంట, ఇరవై నిమిషాలు నడిపి, జాయింట్లు, కండెన్సర్, కంప్రెసర్ ముందు భాగం చూడాలి. పసుపు కళ్లద్దాలు పెట్టుకుంటే పచ్చటి మరక ఇంకా తేటగా కనబడుతుంది. ముందే పాత జిడ్డు తుడవకపోతే ఏది లీకో తెలియదు. రెసిన్‌ను పలుచని పొరలుగా వేసి టార్చి వెలుగులో గట్టిపరచండి, మందంగా పోస్తే లోపల పచ్చిగా మిగిలిపోతుంది.

కళ్లు, బ్యాటరీ

365 వెలుగు కంటికి కనబడదు కాబట్టి కనుపాప ముడుచుకోదు, కిరణం నేరుగా లోపలికి పోతుంది. అరగంట మించి పనుంటే కళ్లద్దాలు పెట్టుకోండి. అవి పనికొస్తాయో లేదో ఇలా చూడండి: టార్చికీ తెల్ల కాగితానికీ మధ్య కళ్లద్దం పట్టండి, కాగితం మీద మెరుపు ఆరిపోతే మంచి అద్దం. క్రిములు చంపుతుందని అమ్మే యూవీ-సీ లైటు వేరే సరుకు, అది కంటినీ చర్మాన్నీ కాలుస్తుంది, ఈ పనులకు అసలు వాడకూడదు. టార్చి పిల్లల చేతికి ఆటవస్తువుగా ఇవ్వొద్దు.

ఇలాంటి టార్చీల్లో చాలావాటికి వాడేది 18650 అనే సైజు ఛార్జింగ్ సెల్లు. దాంట్లో పట్టే ఛార్జిని ఎంఏహెచ్‌లలో రాస్తారు. 2600 ఎంఏహెచ్ సెల్లు 5 వాట్ల టార్చిని రెండు గంటల లోపే నడుపుతుంది. 9900 ఎంఏహెచ్ అని రాసినదాన్ని నమ్మకండి, ఈ సైజులో నిజమైనవి 3500 దగ్గర ఆగిపోతాయి. బంగారుకొట్టు త్రాసులో తూచండి, మంచి సెల్లు 45 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది, 30కి పడిపోతే లోపల డొల్ల. టార్చి బాగా వేడెక్కితే మెరుపు తగ్గుతుంది, ఆపి చల్లారనివ్వండి. వేడి మీద నల్ల గాజుకు నీళ్లు తగిలితే పగిలిపోవచ్చు. వానాకాలంలో ఆ గాజును పొడిగుడ్డతో తుడుస్తూ ఉండండి, నెలల తరబడి వాడనప్పుడు సెల్లు సగం ఛార్జిలో ఉంచి విడిగా తీసి పెట్టండి.