ఇంటి నుంచి ఆన్‌లైన్ పాఠం: ముందు గొంతు సంగతి చూడండి

వీడియో కాస్త మసకగా ఉన్నా పిల్లలు చూస్తారు. మాట సరిగ్గా వినబడకపోతే మాత్రం రెండు నిమిషాలు కూడా ఆగరు. అందుకే కెమెరా కన్నా ముందు కాలర్ మైక్ కొనండి. గడ్డానికి జానెడు కింద తగిలించాలి. చున్నీకో కండువాకో రాసుకుంటే గరగర వస్తుంది. నల్లగొండ ఎండల్లో మధ్యాహ్నం చప్పుడు రాకుండా ఫ్యాన్ ఆపి పాఠం చెప్పడం అయ్యే పని కాదు, తెల్లారి 5 గంటలకే మొదలుపెట్టండి. స్లాబు గది మోగుతుంటే ఎదురుగోడకు రెండు బొంతలు వేలాడదీయండి. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ముందు అర నిమిషం రికార్డు చేసి ఇయర్‌ఫోన్‌తో వినండి. లెక్కల పాఠమైతే వీడియోకు ఒకే లెక్క, 8 నిమిషాలు చాలు.

లైవ్ క్లాసుకైతే అప్‌లోడ్ వేగం (మన వైపు నుంచి నెట్‌కు వెళ్లే వేగం) 3 ఎంబీపీఎస్‌కు, అంటే సెకనుకు 3 మెగాబిట్లకు తగ్గొద్దు. కరెంటు పోతుంది కాబట్టి రౌటర్‌కు చిన్న యూపీఎస్ (కరెంటు పోయినా నడిపే బ్యాటరీ పెట్టె) పెట్టండి. రౌటర్ అడాప్టర్ మీద 12 వోల్టులని ఉంటే యూపీఎస్ కూడా 12 వోల్టులదే కావాలి.