కాఫీ గ్రైండర్ మార్చే ముందు పొడిని జల్లించి చూడండి

మా చుట్టాల్లో, స్నేహితుల్లో ఎవరింట్లో కాఫీ గ్రైండర్ మొరాయించినా ఫోన్ నాకే వస్తుంది. అవతలి మాట ఎప్పుడూ ఒకటే: "ఇది పనికిరాదు, తక్కువలో మంచిది ఏది కొనమంటావు?" నేను అడిగేదీ ఒకటే: "పొడిని తెల్లకాగితం మీద పోసి చూశారా?" చూసి ఉండరు. గింజలు మార్చి ఉంటారు, ఫిల్టర్ మార్చి ఉంటారు, పొడిని మాత్రం చూడరు.

ఒక చెంచా పొడి కాగితం మీద పలచగా పరవండి. చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలపండి. మన ఫిల్టర్ కాఫీకి కావలసింది ఉప్మా రవ్వ కంటే సన్నం, మైదా కంటే బరక. దాదాపు మెత్తటి ఉప్పంత ఉండాలి, నలిపితే గరగరలాడాలి. ఇది చూశాకే కింద చెప్పినవాటి జోలికి వెళ్ళండి.

డికాక్షన్ దిగట్లేదు

మామూలుగా పావుగంట నుంచి అరగంటలో దిగిపోవాలి. గంటైనా నీళ్ళు పైగిన్నెలోనే ఉన్నాయంటే, ముందు ఆ గిన్నెను కడిగి వెలుతురుకి ఎత్తి పట్టండి. చిల్లుల్లో పాత పొడి బిగుసుకుని ఉంటే ఇట్టే తెలుస్తుంది. వంటసోడా వేసిన వేడినీళ్ళలో నానబెట్టి బ్రష్‌తో తోమితే పోతుంది. స్టీలు గిన్నెను పొయ్యి మీద రెండు నిమిషాలు కాల్చే పాత పద్ధతి కూడా బాగా పనిచేస్తుంది.

తర్వాత, పొడిని ఎంత గట్టిగా అదుముతున్నారో చూసుకోండి. బిళ్ళ పొడి మీద ఆనితే చాలు.

ఆ తర్వాత చికోరీ, అంటే కాఫీపొడిలో కలిపే వేయించిన వేరు పొడి. అది నీళ్ళలో చాలామటుకు కరిగి డికాక్షన్‌ని చిక్కబరుస్తుంది, అందుకే నెమ్మదిగా దిగుతుంది. మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదనేది మన దేశంలో నిబంధన. అంటే 49 శాతం దాకా చికోరీ ఉండొచ్చు, ప్యాకెట్ మీద అంకె చదవండి. గింజలు ఇంట్లో ఆడించుకునేవాళ్ళు చికోరీ పొడిని విడిగా కొని, ఆడించడం అయ్యాక కలపాలి. గింజలతో పాటు గ్రైండర్లో వేస్తే అది ఇంకా మెత్తబడి చిల్లుల్ని పూడ్చేస్తుంది.

ఈ మూడూ కాకపోతే మిగిలింది దుమ్ము. నన్ను ఏడాది పాటు తిప్పలు పెట్టింది ఇదే కాబట్టి తీరిగ్గా చెబుతాను.

మొదటిసారి నేను కొన్నది చిన్న బ్లేడు గ్రైండర్. అరకు నుంచి తెప్పించుకున్న అరబికా గింజలు. తొలిరోజు డికాక్షన్ దిగలేదు. మరీ మెత్తగా ఆడించానేమో అనుకుని మర్నాడు తక్కువసేపు ఆడించాను, నీళ్ళలా వచ్చింది. బరకైందనుకుని ఆ మరుసటి రోజు ఇంకాస్త ఎక్కువసేపు తిప్పాను, మళ్ళీ దిగలేదు. ఇలా వారాల తరబడి ఆ రెంటి మధ్యే తిరిగాను. పోనీ దిగిన రోజైనా బాగుందా అంటే, ఒకే గుక్కలో చేదు, పులుపు రెండూ తగిలేవి. గింజల లోపమే అనుకున్నాను. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ గింజల్ని పట్టుకుని "పేరే గానీ రుచి లేదు" అని నలుగురికీ చెప్పాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధపడతాను.

ఒకరోజు ఆ పొడిని ముందు టీ వడకట్టే జాలీలో, తర్వాత మైదా జల్లెడలో జల్లించాను. మూడు కుప్పలయ్యాయి: జాలీ మీద ఇడ్లీ రవ్వంత పలుకులు, జల్లెడ మీద నాకు కావలసిన పొడి, కింద విభూదిలాంటి దుమ్ము. నేను ఇన్నాళ్ళూ మెత్తగా ఉందా, బరకగా ఉందా అని అడుగుతూ వచ్చాను. ఉన్నవి రెండూ. దుమ్ము పలుకులకి అంటుకుని ఉంటుంది కాబట్టి కంటికి అంతా ఒకే పొడిలా కనిపిస్తుంది, అందుకే జల్లిస్తే తప్ప దొరకదు. నీళ్ళు పోయగానే ఆ దుమ్ము అడుక్కి జారి చిల్లుల మీద పేరుకుంటుంది. దానిలోంచి సారం అతిగా దిగి చేదు వస్తుంది, పలుకుల్లోంచి సరిగా దిగక పులుపు మిగులుతుంది.

ఎందుకిలా అవుతుందో తెలియాలంటే తిరగలిని తలుచుకోండి. తిరగలిలో గింజ రెండు రాళ్ళ మధ్య నలిగి, సందుకి తగినంత చిన్నది కాగానే అంచు నుంచి బయటికి రాలిపోతుంది. నలిగినదాన్ని మళ్ళీ నలపదు. బ్లేడు అలా కాదు. దానికి నలపడం రాదు, కొట్టడమే. అప్పటికే పొడైనదాన్ని కూడా కొడుతూనే ఉంటుంది, గోడవైపు చేరిన పలుకుల్ని వదిలేస్తుంది. పలుకులు కనిపించాయని మీరు ఇంకో పది సెకన్లు తిప్పితే పలుకులు కొంచెం తగ్గుతాయి, దుమ్ము బాగా పెరుగుతుంది. బాగా నల్లగా వేయించిన గింజలు పెళుసుగా ఉంటాయి కాబట్టి వాటితో ఇంకా ఎక్కువ. మూత తీసి వేలు పెడితే పొడి వెచ్చగా తగిలిందంటే అప్పటికే ఎక్కువసేపు తిప్పేశారు.

కొత్త గ్రైండర్ కొనకుండానే దీన్ని చాలామటుకు సరిచేయొచ్చు. ఒకేసారి 100 గ్రాములు వేయకండి, 30 చాలు. రెండు మూడు సెకన్లు నొక్కి వదలండి, గ్రైండర్ని చేత్తో పట్టుకుని ఊపండి, మళ్ళీ నొక్కండి. ఇలా నాలుగైదు సార్లయ్యాక ఆపి జాలీలో జల్లించండి. దిగిన పొడిని పక్కకి తీసేసి, పైన మిగిలిన పలుకుల్ని మాత్రమే మళ్ళీ వేయండి. తిరగలి తనంతట చేసే పనిని ఇక్కడ మీ చేత్తో చేస్తున్నారు. రోజూ జల్లించే ఓపిక లేకపోతే కనీసం నొక్కి వదలడం, ఊపడం మానకండి. పక్కకి తీసిన పొడిని మైదా జల్లెడలో పోస్తే కిందికి దుమ్ము వస్తుంది. అది పారేయక్కర్లేదు, నీళ్ళలో మరిగించి గుడ్డతో వడకట్టే కాఫీకి పనికొస్తుంది. మిక్సీ చిన్న జార్ వాడేవాళ్ళకీ ఇదే పద్ధతి: నాబ్‌ని ఒకటో నంబరులో వదిలేయకుండా, వెనక్కి తిప్పి పట్టుకుని వదులుతూ ఉండాలి.

సెట్టింగ్ మార్చలేదు, పొడి బరకైపోయింది

ఇది బర్ గ్రైండర్లలో, అదీ శుభ్రం చేసిన మర్నాడు వచ్చే ఫిర్యాదు. బర్ అంటే తిరగలి రాళ్ళ లాంటి పళ్ళున్న జత. పై బర్ తీసి తుడిచి తిరిగి పెట్టేటప్పుడు దాని కింద ఒక్క గింజ ముక్క ఇరుక్కుంటే చాలు, సందు పెరిగిపోతుంది. తీసి, కూర్చునే గాడిని పొడి బ్రష్‌తో దులిపి, పూర్తిగా లాక్ అయ్యేదాకా తిప్పి పెట్టండి. బర్లని నీళ్ళతో కడగకండి, సాధారణ ఉక్కువైతే తుప్పు పడతాయి.

అసలు తిరగట్లేదు, లేదా మధ్యలో ఆగిపోయింది

ప్లగ్గు చూశాక మూత చూడండి. మూతకున్న చిన్న నాలుక ఒక గుంటలోకి దిగి స్విచ్‌ని నొక్కుతుంది. ఆ గుంటలో పొడి గట్టిపడితే స్విచ్ నొక్కుకోదు. ప్లగ్గు తీసేసి పొడి బ్రష్‌తో దులిపితే సరి. "మోటారు కాలిపోయింది" అని నా దగ్గరికి తెచ్చినవాటిలో చాలా వాటికి ఉన్న రోగం ఇదే.

మధ్యలో ఆగితే వేడెక్కి ఉంటుంది. అరగంట వదిలేయండి. చిన్న బ్లేడు గ్రైండర్లు నిమిషాల తరబడి తిరగడానికి చేసినవి కావు.

పాత వాసన, మసాలా వాసన

కాఫీ గ్రైండర్లో ధనియాలు, మిరియాలు ఆడిస్తే ఆ వాసన వదలదు. బ్లేడు దానిలో గుప్పెడు బియ్యం ఆడించి తుడవండి. బర్ దానిలో బియ్యం వేయకండి, గట్టి బియ్యానికి మోటారు బిగిసిపోవచ్చు. పొడి మూతకి అతుక్కుని ఎగురుతుంటే, గింజల్ని తడి చెంచా కాడతో ఒకసారి కలిపి వేయండి.

మోటారుకి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరగడం, లోపలి వైరు తెగడం ఇంటి వాడకంలో అరుదు. అది మెకానిక్ పని.

ఇవన్నీ చూశాక కూడా కొనాలనే ఉంటే

రోజుకి రెండు కప్పుల ఫిల్టర్ కాఫీకి, నొక్కి వదిలే ఓపిక ఉన్నవాళ్ళకి బ్లేడు గ్రైండర్ చాలు. మూత పారదర్శకంగా ఉండాలి, గిన్నె ఊడివచ్చేదైతే ఇంకా మేలు. వాట్లు చూసి మోసపోకండి. ఎక్కువ వాట్లున్నంత మాత్రాన బ్లేడు తిరగలి అయిపోదు.

ఆ ఓపిక లేకపోతే డబ్బు కూడబెట్టి బర్ గ్రైండర్ కొనండి. పై బర్ పనిముట్లు లేకుండా చేత్తో ఊడిరావాలి, విడిభాగాలు మన ఊళ్ళో దొరకాలి. బొమ్మలో బర్ కోసుగా ఉందో లేదో చూడండి. కొన్ని చవక రకాల్లో రంపపు పళ్ళ బిళ్ళలు రెండు ఎదురెదురుగా పెట్టి బర్ అని అమ్ముతారు. అవి చితక్కొడతాయి, దుమ్ము దాదాపు బ్లేడు దానంతే వస్తుంది.

అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన గ్రైండర్ ఇంట్లో ఉంటే ప్లగ్గు పెట్టే ముందు అడుగున లేబుల్ చదవండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. పిన్ను మార్చే అడాప్టర్ వోల్టేజీని తగ్గించదు, దానికి ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. మా పిన్ని వాళ్ళింట్లో అలా పెట్టిన గ్రైండర్ కీచుమని అరిచి పొగలు కక్కింది. దాన్ని మాత్రం నేను బాగుచేయలేకపోయాను.