ఊరి చెరువును పరిశీలించి రాసుకునే పద్ధతి

గోదావరి డెల్టాలో విద్యార్థులకు నీటిని చూపించడానికి దూరం వెళ్లనక్కరలేదు. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువతో నిండే ఊరి చెరువు చాలు. అయితే ఒక్కసారి వెళ్లివస్తే అది షికారే అవుతుంది. వారానికొకసారి, అదే రేవులో, అదే వేళకు కొలిచినప్పుడే ఈ వారపు అంకెను పోయిన వారపు అంకెతో పోల్చడానికి వీలుంటుంది.

పిల్లలను నలుగురేసి జట్లుగా చేయాలి. ఒకరు కొలిస్తే, ఒకరు అంకె చదవాలి, ఒకరు రాయాలి. నాలుగోవారు సమయం చూస్తూ, పాచి పట్టిన మెట్ల మీదికి ఎవరూ దిగకుండా కాచుకోవాలి. ఈత వచ్చిన పెద్దవారు ఒకరు, పొడవైన తాడు ఒకటి గట్టున తప్పనిసరి. రాతకు పెన్సిలే వాడాలి, తడి తగిలితే సిరా అలికిపోతుంది.

పుస్తకంలో ఎడమ పేజీ కంటికి కనబడినదానికి, కుడి పేజీ మనం అనుకున్నదానికి కేటాయించాలి. మిగిలిన నియమాలు కొంత సడలినా ఫరవాలేదు గాని, దీన్ని మాత్రం సడలనివ్వకూడదు. ‘నీరు మురికిగా ఉంది’ అని దాదాపు ప్రతి పిల్లవాడూ మొదటి రోజు రాస్తాడు. అది తీర్పే తప్ప పరిశీలన కాదు. నీరు పచ్చగా ఉందా, మట్టి రంగులో ఉందా అన్నది ఎడమ పేజీలో రాసి, పచ్చదనానికి నాచు కారణమై ఉండవచ్చునన్న ఊహను కుడి పేజీలో ఉంచాలి.

నీరు ఎంత తేటగా ఉందో కొలవడానికి 20 సెంటీమీటర్ల వ్యాసం గల రేకు బిళ్లను నాలుగు భాగాలు చేసి, నలుపు తెలుపు రంగులు ఒకదాని పక్కన ఒకటి వేసి, అడుగున బరువు కట్టి, పది సెంటీమీటర్లకొక ముడి ఉన్న తాడుతో దించాలి. బిళ్ల కనుమరుగైన లోతును, పైకి లాగుతుండగా తిరిగి కనబడిన లోతును కూడి సగం చేస్తే వచ్చేదే ఆనాటి కొలత. ఎండ తళుకు కంటికి అడ్డురాకుండా నీడ ఉన్న వైపు నుంచి చూడాలి. ఉష్ణమాపకాన్ని నీటిలో రెండు నిమిషాలు ఉంచి, పైకి తీయకుండానే చదవాలి. గాలి తగిలితే అంకె మారిపోతుంది.

నీటిమట్టానికి పరికరం అక్కరలేదు, మునగకుండా మిగిలిన మెట్లను లెక్కపెడితే సరిపోతుంది. వేసవిలో కాలువలు కట్టేశాక ఈ లెక్క వారం వారం పెరుగుతుంది. వానాకాలంలో కాలువకు ఎర్రనీరు వచ్చి చెరువులో చేరితే బిళ్ల తక్కువ లోతులోనే మాయమవుతుంది. గుర్రపుడెక్క ఎంతమేర కమ్మిందో, బుడబుంగలు, లకుముకి పిట్టలు ఎన్ని కనబడ్డాయో కూడా రాసుకోవాలి. చేపలు నీటి పైకి వచ్చి నోరు తెరుస్తుంటే వేళతో సహా గుర్తించాలి, ఎందుకంటే రాత్రంతా మొక్కలూ నాచూ కూడా ప్రాణవాయువును వాడుకోవడం వల్ల తెల్లవారుజామున అది నీటిలో బాగా తగ్గిపోతుంది.

అంతర్వేది వంటి తీరప్రాంతాల్లో పోటు తగిలే పాయను ఎంచుకున్నవారికి ‘అదే వేళ’ అన్న నియమం పనికిరాదు. పోటు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది గనుక, ఈ వారం నిండుగా కనబడిన వేళకే వచ్చే వారం నీరు తీసి ఉంటుంది. అక్కడ గడియారానికి బదులు పోటు నిండిన సమయాన్ని చూసుకుని వెళ్లాలి, ఆ సమయాన్ని ఎడమ పేజీలో మొదటి వరుసలోనే రాయాలి.